ఈ వారం మనవాళ్ళ పుస్తకం

శనివారం రేడియోలో సిఫారసు చేయాలని మాస్టారు నా చేతికిచ్చిన నవల తొంభయ్యో పేజీలో, పుట్టిన పూటే చనిపోయిన నా కూతురి పేరు అచ్చయి ఉంది.

జోవెరీన్.

పిండి డబ్బాకి పుస్తకం ఆనించి, ఒక చేత్తో గరిటె తిప్పుతూ చదవడం నాకు అలవాటు. చేయి ఆగిపోయింది. కొబ్బరిపాలు పొంగి పొయ్యి మీద ఒలికాయి. అడుగున సీమపనస ముక్కలు మాడుతున్న వాసన వచ్చింది. నేను కదల్లేదు. పొరపాటున చూశానేమోనని వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాను. పొరపాటు లేదు.

ఆ పేరు ఇంకెవరికో ఉండే వీలు లేదు. మా అమ్మమ్మ జోసెఫా పేరులో సగం, మా అమ్మ వెరీన్ పేరు కలిపి నేను కుట్టుకున్న పేరది. ఈ దీవిలో మేం ఆడవాళ్ళం పేర్లు అలాగే పెడతాం, రెండు పాత చీటీ గుడ్డలు కలిపి ఒక గౌను కుట్టినట్టు. ఆ పేరు నేను ఏ మనిషి ఎదుటా పలకలేదు. జ్ఞానస్నానం కాకుండా పోయిన పిల్ల కనుక చర్చిలో రాయలేదు. రాయి నిలబెట్టలేదు కనుక రాయి మీదా లేదు. నాకు తెలుసు, మట్టికి తెలుసు. మరి ఈ పుస్తకం రాసిన మనిషికి ఎలా తెలిసింది?

అట్ట తిప్పి చూశాను. రచయిత్రి వెరోనిక్ లాబాస్టీడ్. మన దీవుల్లో పుట్టి లండన్ శివార్లలో ఉంటున్నారట. ఫోటో లేదు. ఆ పేరు గల మనిషిని నేనెన్నడూ ఎరగను.

ఈ పుస్తకాల సంగతి కొంచెం చెప్పాలి. శనివారం ఉదయం మా రేడియోలో చావు ప్రకటనలు అయ్యాక, క్రికెట్ మొదలయ్యేలోపు ‘మనవాళ్ళ పుస్తకం’ అని ఒక కార్యక్రమం వస్తుంది. మన దీవుల నల్లవాళ్ళు రాసిన కథలూ నవలలూ ఒక్కోటి తీసుకుని, ఇది ఎందుకు చదవాలో మా ఆయన చెబుతారు. ఆయన పేరు ఆన్సెల్మ్. హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. ఊరందరికీ మాస్టారు, నాకు కూడా మాస్టారే. గొంతు గొప్పది. చర్చిలో పాఠం చదివితే వెనక బల్లల్లో గొణుగుడు ఆగిపోతుంది. ఆ గొంతు విని బార్బడోస్ నించి కూడా ఉత్తరాలు వస్తాయి, ఇంత చదివిన మనిషి మన దీవుల్లో ఇంకొకరు లేరని.

ఆయన ఆ పుస్తకాల్లో ఒక్కటి కూడా చదవరు. చదివేది నేను. టౌను లైబ్రరీలో దుమ్ము దులిపి, పుస్తకాలు సర్ది, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, పొయ్యి దగ్గర చదువుతాను. చిన్నప్పుడు మా బడి పుస్తకాల్లో ఎప్పుడూ మంచు కురిసేది, పిల్లల బుగ్గలు గులాబీల్లా ఉండేవి. పెద్దయ్యాక మొదటిసారి మా అమ్మలా మాట్లాడే ఆడది పుస్తకంలో కనబడితే, లైబ్రరీ వెనక గదిలో కూర్చుని నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చాను. అందుకని చదువుతాను. శుక్రవారం ఇస్త్రీ చేస్తూ ఆయనకి చెబుతాను. ఆయన కళ్ళు మూసుకుని వింటారు. “చివర ఏడుపుందా?” అని అడుగుతారు. “ఏడుపుంటే చెప్పు, గొంతు దించాలి” అంటారు. మర్నాడు స్టేషన్లో ఆయన పక్కన కళ్ళద్దాల పెట్టె పట్టుకుని కూర్చుంటాను. నా మాటలు ఆయన గొంతులోంచి బయటికి వెళుతుంటే వింటాను. తడబడితే చెవిలో అందిస్తాను. మొదట్లో ఒకసారి అడిగాను, నా పేరు కూడా చెప్పరాదా అని. ఆయన నవ్వారు. “వంటమనిషి పేరు చెప్పి ఎవరైనా భోజనం వడ్డిస్తారా, క్లోతిల్డా?” అన్నారు. చాలా చమత్కారంగా అన్నానని ఆ మాట ఊళ్ళో నలుగురికీ తనే చెప్పుకున్నారు కూడా. చేపలమ్మే ఒండీన్ అయితే ప్రతి వారం త్రాసు పట్టుకుని అదే పాట. “ఎంత అదృష్టమే నీది, అంత చదువుకున్నాయన పక్కన పడుకుంటావు. నువ్వూ ఓ పుస్తకం చదవరాదూ, కాస్త జ్ఞానమొస్తుంది.” నేను పొలుసు తీయించుకున్న చేపని సంచీలో వేసుకుని వచ్చేస్తాను.

పుస్తకం ఎంచేది కూడా ఎప్పుడూ నేనే. ఈ వారం మాత్రం ఆయన ఎంచారు. సోమవారం పార్సిలు విప్పి, “ఇది చదువు. దీని గురించి బాగా చెప్పాలి” అన్నారు. మంగళవారం అడిగారు, ఎక్కడిదాకా వచ్చావని. బుధవారం రెండుసార్లు అడిగారు. నాకు వింతగా అనిపించింది గానీ పట్టించుకోలేదు. ఇప్పుడు మాడిన కుండ దించి, పుస్తకం గౌను కింద దాచి, పెరటి తలుపు దగ్గర నిలబడ్డాను. శనివారం ఆ గొంతు ఈ పుస్తకం చేతిలో పట్టుకుని మాట్లాడుతుంది. చావు ప్రకటనల కోసం దీవి మొత్తం రేడియో పెట్టుకుని ఉంటుంది. ఒక్క వాక్యం చదివి వినిపించినా చాలు, నా పిల్ల పేరు మాంసం కొట్లోనూ బస్సులోనూ మోగుతుంది. నాకు ఆ పిల్ల తాలూకు మిగిలింది ఆ పేరొక్కటే.

గురువారం లైబ్రరీకి సెలవు పెట్టి, బస్సెక్కి కొండ మీదికి, ఆర్సీలియా పిన్ని దగ్గరికి వెళ్ళాను. పిన్ని మంత్రసాని. ఈ కొండవాళ్ళలో సగం మంది ఆవిడ చేతుల్లోనే పడ్డారు. నా పాపని పట్టుకుంది కూడా ఆ చేతులే.

పెళ్ళయిన రెండో ఏడు. పొద్దున పుట్టింది, మధ్యాహ్నం దాకా ఉంది. ఎడమ చెవి తమ్మె మడతపడి ఉండేది, విప్పితే మళ్ళీ మడతపడేది. మా అత్తగారు గడపలో నిలబడి, “జ్ఞానస్నానం కానిదానికి పేరేంటి, ఏడుపేంటి? లేచి నడుం కట్టుకో, మళ్ళీ కడుపొస్తుంది” అంది. మళ్ళీ రాలేదు. సాయంత్రం మాస్టారు బడి నించి వచ్చారు. మంచం దగ్గరికి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, “జరిగిందేదో జరిగింది. ఇక ఈ ఇంట్లో ఆ మాట ఎత్తొద్దు. రేపు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు, నా చొక్కా ఇస్త్రీ అయిందా?” అన్నారు. నేను లేచి ఇస్త్రీ చేశాను. పాలు పడి గౌను తడిసిపోతోంది. చొక్కా మీద పడకుండా దూరంగా నిలబడి చేశాను.

మా దగ్గర పిల్ల పుడితే బొడ్డుతాడు మట్టిలో పెట్టి పైన మొక్క నాటుతారు. పెద్దయ్యాక అదిగో నీ చెట్టు అని చూపిస్తారు. పోయిన పిల్లకి అది చేయరు. పిన్ని చేసింది. ఎవరికీ చెప్పకుండా మా అమ్మ వాళ్ళ దొడ్లో జాజికాయ మొక్క కింద పెట్టింది. నలతగా ఉన్నా నడిచి వెళ్ళి, మట్టి మీద పడుకుని, ఆ పేరు మొదటిసారి అక్కడ చెప్పాను. తర్వాత ఏళ్ళ తరబడి జాజికాయలు ఏరే వంకతో వెళ్ళి ఆ చెట్టుతో మాట్లాడేదాన్ని. పెద్ద తుఫానులో కొండ మీద జాజి చెట్లన్నీ వేళ్ళతో సహా లేచిపోయాయి. అదీ పోయింది. అప్పట్నించి నా మాటలు ఎక్కడ చెప్పుకోవాలో తెలియక, మా పెరట్లో బట్టలుతికే చోటే చెప్పుకోవడం మొదలుపెట్టాను. అక్కడ కుళాయి ఉంది, బండ ఉంది, నీడకి ఓ లక్ష్మణఫలం చెట్టుంది. అంతకంటే ఆ చోటుకి ఏ విశేషమూ లేదు.

పిన్ని వాకిట్లో కోకో గింజలు ఎండబెట్టి, చెప్పుల్లేని కాళ్ళతో కెలుకుతోంది. నేను కూర్చోకుండానే అడిగాను. పురుటి మైకంలో నా నోటినించి జారిందేమో, పాప పేరు ఎవరికైనా చెప్పావా అని.

“నాకు తెలిస్తే కదటే చెప్పడానికి. నువ్వు నాకెప్పుడు చెప్పావు?”

“పోనీ, ఎక్కడ పెట్టావో ఎవరికైనా చెప్పావా?”

“మీ అమ్మకి చెప్పాను. ఆ మాట ఆవిడ తనతోనే మట్టిలోకి పట్టుకుపోయింది. ఏమైందే, మొహం అలా పాలిపోయింది?”

పుస్తకం తీసి ఆ పేజీ చదివాను. నవలలో తల్లి రాత్రికి రాత్రి పెరట్లోకి వెళ్ళి, లక్ష్మణఫలం చెట్టు కింద మట్టి తవ్వి, బిడ్డ బొడ్డుతాడు అక్కడ పాతిపెడుతుంది. పిన్ని కాళ్ళు ఆగాయి.

“లక్ష్మణఫలం కిందా?” అంది. “పట్టుమని పదేళ్ళు బతకని చెట్టు. అందులోనూ బాలింత తనే తవ్విందా? ఏ ఆడదైనా రాసే రాతేనా అది? మంత్రసాని వైపు ఒకసారి చూసుంటే ఆ మాట రాయదు. ఎవరో చాటునించి సగం విని, మిగతా సగం ఊహించుకున్నారు.”

ఆవిడ ఆ మాట తేలిగ్గా అనేసి మళ్ళీ గింజలు కెలుక్కుంది.

దిగువకి బస్సులో వస్తూ కిటికీకి తల ఆనించి లెక్క తేల్చుకున్నాను. అసలు సంగతి తెలిసినవాళ్ళు జాజి చెట్టు అని రాస్తారు. ఏమీ తెలియనివాళ్ళు ఆ పేరు రాయలేరు. పేరు తెలిసి, చెట్టు తప్పు రాయాలంటే, నేను లక్ష్మణఫలం కింద కూర్చుని ఆ పేరు పిలుస్తుండగా విన్నవాళ్ళే అయి ఉండాలి. నేను బట్టలు ఉతికేది మధ్యాహ్నం భోజనాలయ్యాక. మా ఇంట్లో పెరటి వైపు తెరుచుకునే గది ఒక్కటే. ఆ గది కిటికీ చెక్క రెక్కలు ఎప్పుడూ దించి ఉంటాయి, మాస్టారికి మధ్యాహ్నం నిద్ర కావాలి కనుక.

బస్సులో ఎవరో కోడిని పట్టుకుని ఎక్కారు. డ్రైవరు పాట పెద్దది చేశాడు. ఇన్నేళ్ళూ నేను ఒంటరిదాన్ననుకున్నాను. ఆ ఒంటరితనంతో రాజీపడి, దాన్ని ఒక గదిలా ఊడ్చుకుని, అందులో కుర్చీ వేసుకుని బతికాను. నా దుఃఖం వినే చెవి లేదు గనక మట్టికి చెప్పుకుంటున్నాను, మట్టి నన్ను తప్పుపట్టదు అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది, చెవి ఉంది. గోడకి అవతల, చేతికందేంత దూరంలో ఉంది. నేను జోవెరీన్‌కి ఇవాళ్టితో నీకు పెళ్ళీడు వచ్చేదే తల్లీ అని చెప్పి, సబ్బు నురగలో మొహం పెట్టుకుని ఏడ్చిన రోజున కూడా ఉంది. విని, ఆ సాయంత్రం నా ఎదురుగా కూర్చుని, చారులో ఉప్పు తక్కువైందని చెప్పింది. ఒంటరిగా ఉండడం నాకు వచ్చు. ఒంటరిగా లేనని, అయినా ఎవరూ రాలేదని తెలిశాక ఎలా ఉండాలో అది మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు.

శుక్రవారం ఇస్త్రీ బల్ల వేయలేదు. వరండాలో కూర్చుని కందికాయలు ఒలుస్తున్నాను. మాస్టారు వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుని, అలవాటుగా కళ్ళు మూసుకున్నారు.

“ఊఁ, చెప్పు. ఎలా ఉంది?”

“ఎలా ఉండాలి?”

“అదేంటి, నువ్వు కదా చెప్పాల్సింది. భాష బాగుందా? ఆ తల్లి మాట్లాడే చోట్లు... గుండె పట్టేస్తుందా?” కళ్ళు తెరిచారు. బడిలో బహుమతి కోసం వరసలో నిలబడే పిల్లవాడి కళ్ళు. ఈ మనిషి భయపడటం లేదు. మెచ్చుకోలు కోసం చూస్తున్నాడు.

“తల్లి మాటలు బాగున్నాయి” అన్నాను. “మిగతావి రాసినవాళ్ళవి. అవి తేలిపోయాయి. చెట్టు కూడా తప్పు.”

“చెట్టేంటి?”

“పాప బొడ్డుతాడు జాజి చెట్టు కింద పెట్టింది పిన్ని. మా అమ్మ వాళ్ళ దొడ్లో. లక్ష్మణఫలం కింద నేను బట్టలు మాత్రమే ఉతికాను. అక్కడ పెట్టారని అనుకోవడానికి ఈ లోకంలో ఒక్క మనిషికే వీలుంది, ఆన్సెల్మ్.”

ఆయన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆ మాటకి కూడా ఆయన కోప్పడలేదు. చేతి వేళ్ళ వంక చూసుకున్నారు. తర్వాత, రచయితలకి ఏవో స్ఫురిస్తుంటాయనీ, పేర్లు కలవడం విచిత్రమేమీ కాదనీ, ఎండలో కొండెక్కి వచ్చాక నా ఆరోగ్యం బాగాలేనట్టుందనీ బడిలో నీతిపాఠం చెప్పినట్టు చెప్పుకుంటూ పోయారు. నేను వినలేదు. ఒలిచిన కందులు గిన్నెలో రాలుతున్న చప్పుడు విన్నాను.

ఆయన ఆగాక చెప్పాను. “రేపు నేను స్టేషనుకి రావడం లేదు. ఈ పుస్తకం గురించి మీకు ఒక్క మాట కూడా ఇవ్వను. పాప పేరు ఎత్తితే మీరొచ్చేసరికి ఈ ఇంట్లో నేనుండను. మిగతాది మీ ఇష్టం. మీ సొంత మాటలతో చెప్పుకోండి.”

“నేనేం చెప్పను, క్లోతిల్డా?” అన్నారు. నిజంగానే అడిగారు. చదువు లేని మనిషి సంతకం పెట్టమంటే దిక్కులు చూసినట్టు చూశారు.

నేను గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళాను.

శనివారం ముడతల చొక్కాతోనే వెళ్ళారు. పక్కింటి అల్మా కంచె మీదుగా మెడ చాచి, ఇవాళ మీరెళ్ళలేదేం అని అడిగింది. మోకాలు నొప్పన్నాను. వంటింట్లో సంచీ సర్దుకుని, బల్ల మీద పెట్టుకుని, రేడియో ముందు కూర్చున్నాను. రెండు గౌన్లు, ఒక దువ్వెన. అంతకంటే ఆ ఇంట్లో నాదనుకునేది ఏదీ చేతికి రాలేదు. చావు ప్రకటనలు అయ్యాయి. కొండ మీద ఎవరో ముసలాయన, దిగువన ఎవరో జాలరి, వాళ్ళ వాళ్ళ పిల్లల పేర్లు, మనవల పేర్లు. నేనెప్పుడూ ఆ పేర్లు శ్రద్ధగా వింటాను. పోయిన ఒక్కరి కోసం బతికున్నవాళ్ళ పేర్లు ఎంతమందివి చదువుతారో. తర్వాత పాట వచ్చింది. ఆయన గొంతు వచ్చింది. నమస్కారం చెప్పి, పుస్తకం పేరూ రచయిత్రి పేరూ చెప్పి, ఆగారు. ఎప్పుడూ ఆగని చోటు. నా పెదవులు అలవాటుగా కదిలాయి, అందించడానికి. నోరు మూసుకున్నాను.

యాంకరు అమ్మాయి కంగారు పడి తనే అందుకుంది. “చాలా గొప్పగా ఉందట కదా, మాస్టారూ. లండన్లో కూర్చున్న ఆవిడకి మన పెరటి సంగతులు ఇంత బాగా ఎలా తెలిశాయంటారు?”

రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. “మాస్టారూ?” అంది ఆ పిల్ల.

అప్పుడు ఒక గొంతు వచ్చింది. చర్చిలో పాఠం చదివే గొంతు కాదు. సన్నగా, అక్కడక్కడ తెగిపోతూ, నేనెన్నడూ వినని గొంతు.

“లండన్లో ఎవరూ లేరమ్మా. ఆ పుస్తకం నేను రాశాను. రాశాననడం కూడా తప్పే. ఎత్తి రాసుకున్నాను. మాకొక పాప పుట్టి పోయింది. ఆ మాట ఇంట్లో ఎత్తొద్దని మా ఆవిడకి నేనే చెప్పాను. ఆవిడ ఎత్తలేదు, నా ముందు. నేను నిద్రపోతున్నాననుకుని పెరట్లో బట్టలుతుకుతూ ఆ పాపతో మాట్లాడుకునేది. నేను నిద్రపోయేవాణ్ణి కాదు. మొదటిసారి విన్నప్పుడు భయమేసింది. తర్వాత్తర్వాత, ఎంత బాగా చెబుతోంది అనిపించింది. అదే నేను చేసిన పాపం. ప్రతి శనివారం మీరు మెచ్చుకున్న మాటలు కూడా ఆవిడవే. నావి ఇవాళ్టివే. ఇవి ఇలాగే ఉంటాయి. ఆవిడ ఇన్ని పుస్తకాలు చదివి బాగుందో లేదో తేల్చి చెబుతుంది కదా, నాది కూడా చదివి బాగుందంటుందని ఆశపడ్డాను. అంతకు మించి ఆలోచించలేదు. పాప పేరు ఇక్కడ చెప్పను, దాని మీద నాకు హక్కు లేదు. నా కూతురి పేరేంటో నేను కిటికీ చాటున నక్కి తెలుసుకున్నాను. రెక్క ఎత్తితే చాలు, ఆవిడ అక్కడే ఉండేది. వెక్కి వెక్కి ఏడ్చేది. నేను లేచి వెళ్ళలేదు. పెన్ను వెతుక్కున్నాను.”